మూలనున్న తేదీ

కంప్యూటర్ మొరాయిస్తే చాలామంది చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికో, విండోస్ మళ్లీ ఎక్కించే పెన్‌డ్రైవ్ మీదికో పోతుంది. మా మిత్రుడు మాత్రం ముందు కూర్చుని అడుగుతాడు: "మొన్నటిదాకా బాగానే ఉందా? మధ్యలో ఏమైనా మారిందా? ప్లగ్గు తీశారా?" అతనిది ఈ వృత్తి కాదు. అయినా ఇంత నిదానమైన పనితనం నేను షాపుల్లో కూడా అరుదుగా చూశాను.

మా పాత డెస్క్‌టాప్‌లో బ్యాంకు సైటు, మెయిలు ఏదీ తెరుచుకోవడం లేదు. ఏది నొక్కినా కనెక్షన్ సురక్షితం కాదనే హెచ్చరికే. అదే వైఫై మీద ఫోన్లో అన్నీ వస్తున్నాయి. ఓ షాపులో చూపిస్తే వైరస్ అన్నారు, ఫార్మాట్ చేయాలన్నారు.

అతను ఆ హెచ్చరిక చదివి, వెంటనే తెర కింద కుడి మూలకి చూశాడు. అక్కడ ఏళ్ల కిందటి జనవరి 1 కనిపిస్తోంది. సురక్షితమైన ప్రతి సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లే సర్టిఫికెట్ ఉంటుంది. పాత ఏడాదిలోనే ఆగిపోయిన కంప్యూటర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. మరెలా నమ్ముతుంది?

తేదీ దిద్దగానే సైటు తెరుచుకుంది. ఎవరైనా అక్కడితో చేతులు దులుపుకుంటారు. అతను కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్లీ పెట్టాడు. తేదీ మళ్లీ వెనక్కి పోయింది! రోగం రూఢి అయ్యాకే మూత విప్పాడు.

అసలు పనితనం అక్కడ చూడాలి. ముందు కేబినెట్ ఇనుప చట్రాన్ని తాకాడు, ఒంటి మీది స్థిర విద్యుత్తు బోర్డుకి తగలకుండా. ఫోన్‌తో లోపల ఒక ఫొటో తీసుకున్నాడు. మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ సీఆర్ 2032. ఆ నంబరులోనే కొలతలున్నాయి: అడ్డకొలత 20 మిల్లీమీటర్లు, మందం 3.2. ప్లగ్గు తీసినప్పుడు లోపలి గడియారం నడిచేది దీనితోనే. ఆ గడియారంలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది, అదే ఒక సెకను. ఎంత చక్కటి ఏర్పాటు!

మీటరు పెడితే 3 వోల్టులుండాల్సిన చోట 2 కూడా లేవు. స్క్రూడ్రైవర్ జారితే బోర్డు మీది సన్నటి గీతలు తెగుతాయని గోటితోనే క్లిప్పు నొక్కి బ్యాటరీ పైకి లేపాడు. కొత్తదాన్ని అంచులు పట్టుకుని, ప్లస్ గుర్తు పైకి వచ్చేలా కూర్చోబెట్టాడు. బయోస్‌లో టైము సరిచేసి, ప్లగ్గు పరీక్ష ఇంకోసారి పెట్టాడు. ఈసారి తేదీ నిలబడింది. బ్యాటరీ మార్చిన నెల, ఏడాది చీటీ మీద రాసి మూత లోపల అంటించాడు, రేపు ఎవరు విప్పినా తెలియాలని.

ఫ్యాను నిండా దుమ్ముంది, అదీ దులిపేయమన్నాను.

"ఇవాళ వద్దు. రెండు పనులు కలిపి చేస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనివల్లో తేలదు" అన్నాడు.

దుమ్ము పని వచ్చే ఆదివారానికి పెట్టుకున్నాం.