నిక్ మేసన్ తన ఆల్బమ్‌లో ఎక్కడున్నాడు?

హాస్టల్ రోజుల్లో ఒక సీనియర్ హార్డ్ డిస్క్ నుంచి పింక్ ఫ్లాయిడ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్నాను. అందులో ఎక్కడో అడుగున 'నిక్ మేసన్స్ ఫిక్టీషస్ స్పోర్ట్స్' అని ఒకటి కనిపించింది. మేసన్ అంటే ఫ్లాయిడ్ డ్రమ్మర్ కదా, ఇదేదో 'డార్క్ సైడ్'కి తమ్ముడై ఉంటుందనుకుని ప్లే చేశాను. మొదటి పాటలో ట్రంపెట్లు, ట్రాంబోన్లు బరాత్ బ్యాండులా మోగుతున్నాయి. కారు స్టార్టవడం లేదని ఎవరిదో గోల. రెండో పాటలో ఎగిరే పళ్లేల గొడవ. అక్కడితో డిలీట్ కొట్టేశాను.

2023 అక్టోబరులో కార్లా బ్లే చనిపోయారు. ఆవిడ ఆల్బమ్‌లు ఒక్కొక్కటే వింటూ పోతుంటే మళ్లీ ఇదే తగిలింది. ఎందుకంటే ఇందులో ఉన్న ఎనిమిది పాటలకీ మాటలు, ట్యూన్లు అన్నీ ఆవిడవే. న్యూయార్క్ రాష్ట్రంలో విల్లో అనే ఊళ్లో, ఆవిడా మైకేల్ మాంట్లరూ నడిపిన గ్రాగ్ కిల్ స్టూడియోలో 1979 అక్టోబరులో రికార్డ్ చేశారు. బేస్ స్టీవ్ స్వాలో, సాక్సఫోన్ గ్యారీ విండో, ట్రంపెట్ మాంట్లర్. గిటార్ క్రిస్ స్పెడ్డింగ్. ముఖ్యమైన గొంతు రాబర్ట్ వైయట్‌ది. మేసన్ డ్రమ్స్ వాయించి, కార్లాతో కలిసి ప్రొడ్యూస్ చేశాడు. ఒక్క పాటా రాయలేదు. అయినా 1981లో రికార్డు వచ్చినప్పుడు అట్ట మీద పేరు మాత్రం మేసన్‌దే.

ఇది చాలాకాలంగా ఉన్న ఫిర్యాదే: ఇది కార్లా బ్లే ఆల్బమ్, పొరపాటున వేరే పేరు పడింది అని. నేనూ ఇద్దరు ముగ్గురి దగ్గర ఇదే మాట గొప్పగా అన్నాను. అందులో నిజం లేకపోలేదు. 'ఎస్కలేటర్ ఓవర్ ద హిల్' లాంటి పెద్ద పని చేసిన ఒక స్త్రీ పేరు వెనక అట్టకి, సన్న అక్షరాల్లోకి పోవడం ఇప్పటికీ నాకు మింగుడు పడదు. మనకి సినిమా పాటంటే సంగీత దర్శకుడి పేరే ముందు గుర్తొస్తుంది, వెనక డ్రమ్స్ కొట్టింది ఎవరో ఎవరూ అడగరు. ఇక్కడ సరిగ్గా తిరగబడింది. సంగీతం కూర్చినావిడ ఎవరో తెలీదు, డ్రమ్మర్ పేరు పెద్దక్షరాల్లో!

కానీ ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డ్రమ్స్ మాత్రమే పట్టుకుని విన్నాను. మేసన్ జాజ్ డ్రమ్మర్ కాదు. జాజ్ వాళ్లలా తాళాన్ని ఊపడు, సాగదీయడు. నిటారుగా, కొంచెం బరువుగా, ఎక్కడా కంగారు లేకుండా కొట్టుకుంటూ పోతాడు. మొదట్లో నాకు లోపంగా అనిపించింది అదే. కార్లా పాటల్లో వెటకారం ఎక్కువ. ఎగిరే పళ్లేలని నమ్మనివాడు చివరికి తన తప్పు ఒప్పుకుంటాడు ఒకదాంట్లో. ఇంకోదాంట్లో తనని ఎగతాళి చేసిన జనాన్ని స్టేజి మీదివాడు తిరిగి ఎగతాళి చేస్తాడు. ఇలాంటి జోకులకి డ్రమ్మర్ కూడా నవ్వుతూ వాయిస్తే అంతా కార్టూనైపోయేది. మేసన్ మొహం మాడ్చుకుని వాయిస్తాడు. అందుకే జోకు పేలుతుంది.

'ఐ యామ్ ఎ మినరలిస్ట్' వినండి. మినిమలిస్టు అనే మాటని కాస్త మెలిపెట్టి, ఖనిజాల పిచ్చిలో పడ్డ మనిషిని తయారుచేసింది కార్లా. సాటీ, కేజ్, ఫిలిప్ గ్లాస్ అందరికీ తలా ఒక చురక. మధ్యలో గ్లాస్ తరహాలో ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తుంది. వెక్కిరింతే, కానీ ఎంత బావుంటుందో! 'హాట్ రివర్' మాత్రం ఫ్లాయిడ్ అభిమానులకి ఇచ్చిన తాయిలంలా ఉంటుంది, గిటార్ మూలుగుతో సహా. 'వెర్విన్' నాకు ఇప్పటికీ పట్టుబడలేదు. సాక్సఫోన్ ఎంత అరిచినా పాట అక్కడే నిలబడిపోయినట్టుంటుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, వైయట్ గొంతు ఒక ఎత్తు. వైయట్ కూడా డ్రమ్మరే. 1967లో లండన్ యూఫో క్లబ్‌లో ఫ్లాయిడ్ వాయించిన స్టేజి మీదే సాఫ్ట్ మెషీన్‌తో వాయించినవాడు. 1973 జూన్‌లో ఒక పార్టీలో కిటికీలోంచి పడిపోయి నడుము కింద చచ్చుబడింది. కాళ్లు లేకపోతే బేస్ డ్రమ్ లేదు, హై-హ్యాట్ లేదు. ఆ ఏడాదే ఫ్లాయిడ్, సాఫ్ట్ మెషీన్ కలిసి అతని కోసం కచేరీ చేశాయి. మరుసటి ఏడు వచ్చిన 'రాక్ బాటమ్'ని ప్రొడ్యూస్ చేసింది మేసనే. ఇది తెలిశాక 'డు యా?' పాట వేరేలా వినిపించింది. వైయట్ గొంతు పైకి ఎక్కలేక, చీలిపోతూ, అయినా ఎక్కుతూనే ఉంటుంది. వెనకాల ఇంకో డ్రమ్మర్ అతనికి దారి వదిలి, లెక్క తప్పకుండా కొడుతూ ఉంటాడు. ఆ చోట ఆల్బమ్ ఎవరిది అన్న నా ప్రశ్న కొంచెం చిన్నదైపోయింది.

ఇంకో సంగతి. ఇదే 1979లో 'ద వాల్' తయారవుతోంది. ఫ్లాయిడ్ ఆల్బమ్‌లన్నిట్లో ఉన్న ఏకైక మనిషి మేసన్. అయినా అందులో 'మదర్' పాటకి డ్రమ్స్ వాయించింది జెఫ్ పొర్కారో. తన సొంత బ్యాండులో తన కుర్చీలో ఇంకొకరు కూర్చున్న ఏడాది, తన పేరుతో రికార్డు చేసే అవకాశం వస్తే ఎవరైనా ఏం చేస్తారు? పదినిమిషాల డ్రమ్ సోలో పెడతారు. మేసన్ మాత్రం ఒక జాజ్ స్వరకర్త పాటల్ని, ఒక మాజీ డ్రమ్మర్ గొంతుని తెచ్చి ముందు నిలబెట్టి తను వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆల్బమ్ మొత్తంలో సోలో అనదగ్గది నాకు ఒక్కటీ దొరకలేదు.

అట్ట మీద రెండు పేర్లుండాల్సిందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. నా ఫోన్‌లో ఈ ఆల్బమ్‌కి ఆర్టిస్టు పేరు దగ్గర మేసన్‌ని తీసేసి కార్లా బ్లే అని టైప్ చేశాను. వారం తర్వాత పక్కనే మేసన్ పేరూ చేర్చాను. వైయట్‌ది కూడా రాద్దామంటే స్క్రీన్ మీద పట్టలేదు.