ఖైదీ రాసిన అర్జీ: ఒక చరిత్ర గ్రంథం చదివి

రాయచూరు జిల్లా గోరేబాళలో, తుంగభద్ర ఎడమకాలువ నీటి కోసం వచ్చి స్థిరపడిన ఒక తెలుగు రైతు ఇంట మేము ఈ పుస్తకం చదవడం ముగించాము. దేని గురించి అని ఆ పెద్దాయన అడిగితే, అమెరికా జైళ్ళలో ఖైదీల చేత పత్తి తీయించడం గురించి అన్నాము. "కూలి ఇచ్చేవారాండీ?" అన్నారాయన. సమీక్షకుడు వేయవలసిన మొదటి ప్రశ్న అదే. ఇవ్వలేదు.

రాబర్ట్ టి. చేజ్ 2020లో ప్రకటించిన 'వుయ్ ఆర్ నాట్ స్లేవ్స్' రెండవ ప్రపంచయుద్ధానంతర టెక్సాస్ జైళ్ళ చరిత్ర. 1865 నాటి 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగా విధించే దాస్యాన్ని మినహాయించింది. ఆ మినహాయింపు చాటున పగలు పొలంలో గొడ్డుచాకిరీ, రాత్రి బ్యారక్‌లో 'బిల్డింగ్ టెండర్ల' పెత్తనం. ఈ మాటను తెనిగించడం కష్టం. తోటి ఖైదీలను అదుపులో పెట్టడానికి అధికారులు నిలిపిన ఖైదీ అతడు. మన పాత 'కన్విక్ట్ వార్డరు'కు దగ్గరివాడే గాని, ఇతడికి తోటివారిని కొనడం, అమ్మడం కూడా చెల్లింది. ఈ రాత్రి దాస్యాన్ని పగటి దాస్యంతో కలిపి చూపడమే గ్రంథకర్త చేసిన ముఖ్యమైన పని.

ఆయనకు ఆధారాలు ఖైదీల నోటి మాటలు, కోర్టు కాగితాలు. బౌద్ధం అవలంబించిన ఫ్రెడ్ క్రూజ్ జైల్లోనే న్యాయశాస్త్రం నేర్చి, మతస్వేచ్ఛ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో గెలిచాడు. అదే ఏడు డేవిడ్ రూయిజ్ చేతితో రాసిన ఫిర్యాదు మీద తరువాత 159 రోజుల విచారణ సాగింది; 349 మంది సాక్ష్యం చెప్పారు; 1980లో ఆ జైళ్ళ స్థితి రాజ్యాంగవిరుద్ధమని తీర్పు వచ్చింది. భాషాశాస్త్రం చదివిన మమ్మల్ని ఇక్కడ ఆకర్షించింది క్రియ. అర్జీ 'వేడుకుంటున్నాను' అంటుంది; రిట్టు 'నాకు రావలసి ఉంది' అంటుంది. ఖైదీ ఒక క్రియను వదిలి మరొకదాన్ని పట్టుకున్న చరిత్ర ఇది. గ్రంథకర్త ఆ సంగతి దగ్గర ఇంకా కొంత నిలిస్తే బాగుండేది. చివరి అధ్యాయాలలో రాజకీయాల వివరాలు దట్టమై, మనుషులు వెనకబడ్డారు.

మన సంగతి? ఉన్నవ 'మాలపల్లి' రాసింది జైల్లోనే. వరవరరావు 'సహచరులు' కూడా జైలు రచనే. ఇవి చదువుకున్నవారి గొంతులు. మామూలు ఖైదీ గొంతు వినబడేది కోర్టు కాగితాలలోనే. విశాఖపట్నం సెంట్రల్ జైలులోని నక్సలైటు ఖైదీలు, గోడ మీద విద్యుత్తు పారే ముళ్ళతీగపై సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1974లో భువన్ మోహన్ పట్నాయక్ కేసుగా వెలువడిన ఆ తీర్పులో వారు ఓడిపోయారు. అయితే శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని కోర్టు అన్నమాట నిలిచిపోయింది. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైలు గదిలోకి బయటివారు బాంబులు విసరగా ఒక విచారణ ఖైదీ చనిపోయాడు. రాష్ట్రప్రభుత్వం సార్వభౌమత్వాన్ని అడ్డుపెట్టి నష్టపరిహారం తప్పించుకోలేదని 2000లో తేలింది. ఇరవైమూడేళ్ళు! ఈ రెండింటి మీద చేజ్ రాసిన పద్ధతిలో తెలుగులో వచ్చిన గ్రంథాన్ని మేము చూడలేదు.

కూలి మాట మిగిలింది. కఠినశిక్ష ఖైదీ పనికి న్యాయమైన వేతనం ఇవ్వాలని మన సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. ఎంతన్నది తేల్చే సంఘాన్ని రాష్ట్రాలే వేసుకోవాలంది. పని ఎవరికి ఏది అన్నదాన్ని కులాన్నిబట్టి పంచే జైలు మాన్యువల్ నిబంధనలను కొట్టివేయడానికి 2024 దాకా పట్టింది.

తెలుగు 'చెర', కన్నడ 'సెరె' ఒకే వేరువి; 'ఖైదీ' అరబ్బీ మూలం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉన్న రాయచూరు ప్రాంతంలో మూడూ వినగలవారు గోరేబాళ పిల్లలే. పాత కేసుల కట్టలలో ఉర్దూ, కన్నడ, తెలుగు ఆనవాళ్ళు వెతకాలంటే వారికంటే తగినవారు మాకు కనబడలేదు.