రాయి తిరగేసిన శిల్పి

ఉన్నదాంతో సరిపెట్టుకోవడం అనగానే మనకు లేమి గుర్తొస్తుంది. పని నాసిగా ఉంటుందనీ అనుకుంటాం. ధరణికోటను ఆనుకుని ఉన్న అమరావతి మహాస్తూపం పలక ఒకటి చూశాక నాకా అభిప్రాయం పోయింది. ఎత్తు సుమారు 124 సెంటీమీటర్లు, వెడల్పు 86. పల్నాటి సున్నపురాయి. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానికి రెండు వైపులా శిల్పం ఉంది. ఒక వైపు చెక్కిన మూడు నాలుగు వందల ఏళ్లకు రెండో వైపు చెక్కారు.

మొదటి వైపు క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చేతులు జోడించిన భక్తులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించని కాలమది. బొమ్మలు రాతిమీంచి కొద్దిగానే పైకి లేచాయి. ఉలి ఎక్కడ ఆగాలో ఆ శిల్పికి బాగా తెలుసు.

రెండో వైపు క్రీ.శ. 3వ శతాబ్దం నాటి పని. పలక మీదికి మహాస్తూపమే దిగివచ్చింది: పద్మాలు చెక్కిన ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ముందుకు పొడుచుకొచ్చిన అరుగు మీద వరసగా అయిదు ఆయక స్తంభాలు, పైన గుమ్మటంలాంటి అండం, అటూ ఇటూ గాల్లో తేలే దేవతలు. వేలెడు జాగా వదల్లేదు. ఇంత రద్దీలోనూ ప్రాకారం ముందుకీ, అండం వెనక్కీ ఉన్నట్టు కన్ను ఇట్టే పోల్చుకుంటుంది. ఉలి లోతు మార్చి మార్చి సాధించిన పని అది. అమరావతిలో ఇప్పుడు మిగిలింది గుండ్రటి పునాదే కాబట్టి, స్తూపం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఇలాంటి పలకలే చెబుతాయి.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఆ శిల్పి చేయకుండా వదిలేసిన పని. స్తూపాన్ని కొత్తగా తీర్చిదిద్దేటప్పుడు పాత బొమ్మను చెక్కిపారేసి, అదే ముఖం మీద కొత్తది మొదలుపెట్టొచ్చు. ఆయన పలకను తిరగేశాడు. జానెడు మందం కూడా లేని రాయి. పూర్తయిన శిల్పం కిందికి పెట్టి వెనక సుత్తి దెబ్బలు వేయాలి. కింద ఇసుకో, మెత్తటిది మరేదో పరిచి ఉంటారని నా ఊహ. ఒక్క దెబ్బ అదుపు తప్పితే రెండు కాలాల పనీ పగిలేది. మన ఇళ్లలో బొంత కుట్టేవాళ్లు చిరుగును లోపలికి మడిచి, గట్టి గుడ్డను పైకి తెస్తారు. ఇక్కడ లోపలికి పోయింది తాతల నాటి మంచి పనితనం. అందుకే అది చెక్కుచెదరకుండా మనదాకా వచ్చింది.

రాయి అంత విలువైనది ఎందుకైందో అమరావతి శాసనాలు చదివితే అర్థమవుతుంది. పలకలకూ స్తంభాలకూ డబ్బిచ్చినవాళ్లలో గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు ఉన్నారు. విధికుడనే చర్మకారుడు కుటుంబమంతటితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక సమర్పించాడు. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఈనాడు కనిపించే పూర్ణఘటానికి మూలం అదే. ఇళ్లలో కూడబెట్టిన సొమ్ముతో వచ్చిన రాయిని పారేయడానికి ఎవరికి చెయ్యి వస్తుంది?

తర్వాతి కాలంలో చేతులు మారాయి. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్నం కట్టించినప్పుడు, దిబ్బగా మారిన స్తూపంలో దొరికిన రాళ్లు కొత్త కట్టడాల్లోకి వెళ్లాయి. అదీ ఉన్నదాన్ని వాడుకోవడమే, కొత్త రాయి ఖర్చు అప్పుడూ మిగిలింది. శిల్పం మాత్రం మిగల్లేదు. 1816లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి, కనిపించిన పలకలకు బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని పలకలు ఇప్పుడు ఆ కాగితాల మీదే ఉన్నాయి.