చోడశబ్దమునందలి డకారము

పానుగల్లు ఉదయసముద్రమునకుఁ బేరిచ్చిన ఉదయచోడుని, వాని కులమువారగు కందూరు చోడులను గూర్చి వ్రాయుచుఁ గొందఱు "చోళ" యని దిద్దుచున్నారు. డకారము లేఖకదోషమని వారి తలంపు. ఈ దిద్దుబాటు సాధువు కాదు.

మూలమున నీశబ్దపు తుదిహల్లు డకారమును గాదు, ళకారమును గాదు. అఱవమున నేఁటికిని నిలిచియున్న ఴకారము. మన ప్రాచీన శాసనములలో దానికి వేఱు లిపి యుండెను. పిమ్మట లుప్తమై, పదమధ్యమునఁ బ్రాయికముగా డకారమయ్యెను. అఱవపు ఏఴు, కోఴి మనకు ఏడు, కోడి. కీఴ్ క్రిందయినట్లు రేఫముగా మాఱినవియుఁ గలవు. చోఴుఁడు చోడుఁ డగుట మొదటి త్రోవనే. కోడిని కోళి యని దిద్దువారు లేరు గదా!

అశోకుని ధర్మలిపులలోను "చోడ" యనియే కలదు. అది ప్రాకృతము, తెలుఁగునకు సాక్ష్యము గాదు. ఐనను ఴకారము డకారముగాఁ దోఁచుట క్రొత్త గాదని తెలుపును.

చీనాయాత్రికుఁడు హ్యూన్ త్సాంగు 7వ శతాబ్దిని "చు-లి-య" యని వ్రాసెను. దానిని రేనాటి చోడుల సీమగాఁ బెక్కురు గుర్తించిరి. 1015లో తంజావూరి రాయబారము సుంగు చక్రవర్తి కొలువునకుఁ బోఁగా, అచ్చటి చరిత్రకారులు "చు-నియన్" అనిరి. చీనాలిపిలో హల్లును విడఁదీసి చూపు గుర్తు లేదు. ప్రతియక్షరమును సాధారణముగా నొక యుచ్చారణము, నొక యర్థము గలది. చు-లి-య మొదటి యక్షరమునకు ముత్యమనియు, చు-నియన్ తుదియక్షరమునకు రాజవాహనమనియు నర్థములు. పరభాషానామములందు ధ్వనియే గ్రాహ్యము. ముత్యమునుండి వ్యుత్పత్తి లాగుట వ్యర్థశ్రమ.

2014లో యూనికోడ్ పట్టికయందు ఴకారమునకుఁ జోటు దొరకినది. కావున శాసనపాఠముల ముద్రించువారు ఴ యున్నచోట ఴనే, డ యున్నచోట డనే యుంపవలెను.