వేడి వెళ్లే దారి

ఇంట్లోనే కంప్యూటర్ అసెంబుల్ చేసుకునేవాళ్లు డబ్బు చాలకపోతే ముందుగా కోత పెట్టేది కూలర్ మీదే. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ వేలకు వేలు పోస్తారు. కూలర్ దగ్గరికొచ్చేసరికి ‘ఏదో ఒక ఫ్యాను తిరిగితే చాల్లే’ అంటారు. విజయవాడలో ఉంటూ ఆ మాట అనడం నాకు మింగుడుపడదు. గాలితో పనిచేసే కూలర్ ఎంత గొప్పదైనా చిప్‌ను గది వేడికన్నా కిందికి దించలేదు. గది ఎంత వేడిగా ఉంటే, దానిపైన ఇన్ని డిగ్రీలని చిప్ వేడిని లెక్కేసుకోవాలి. 20 డిగ్రీల గదిలో 75 దగ్గర నిలిచే ప్రాసెసర్, అదే కూలర్‌తో అదే పని చేస్తూ, మే నెల రాత్రి 36 డిగ్రీలుండే మా మేడమీది గదిలో 90 అంచుకు చేరుతుంది. విదేశీ సమీక్షల్లోని అంకెలు చూసి కూలర్ కొనేవాళ్లు ఈ తేడాను ముందే కలుపుకోవాలి.

మా అక్క కొడుకు ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. వాడు గీసే ఇళ్ల బొమ్మల్ని రెండర్ చేయడానికి రైజెన్ 7 5800ఎక్స్ తీసుకున్నాం. దాని డబ్బాలో కూలర్ రాదు, విడిగా కొనాల్సిందే. అందులోని ఎనిమిది కోర్లూ సుమారు 80 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్కలో ఇరుక్కుని ఉంటాయి. గట్టిగా పనిచేసేటప్పుడు ఆ ప్రాసెసర్ 142 వాట్ల దాకా కరెంటు లాగుతుంది, అందులో ఎక్కువ భాగం ఆ చిన్న ముక్కలోనే వేడిగా మారుతుంది. రెండర్ అంటే ఈ బరువు ఏ నిమిషమో కాదు, గంటల తరబడి మోయాలి. అందుకే ఆస్ట్రియా కంపెనీ నాక్టువావాళ్ల ఎన్‌హెచ్-డీ15 తెప్పించాను. రెండు గోపురాలు, ఆరు హీట్‌పైపులు, రెండు ఫ్యాన్లు, 165 మిల్లీమీటర్ల ఎత్తు. ఫ్యాన్లతో కలిపి కిలో మూడు వందల గ్రాముల పైమాటే.

“మామయ్యా, ఇది మదర్‌బోర్డు కంటే బరువుందేంటి?” అన్నాడు వాడు చేతిలోకి తీసుకోగానే. అవును మరి. వేడికి వెడల్పైన చోటు కావాలి, ఆ చోటు ఇచ్చే అల్యూమినియం రేకుల బరువది. వాటి దాకా వేడిని మోసుకుపోయేవి హీట్‌పైపులు. చూడ్డానికి రాగి కడ్డీల్లా ఉంటాయి గానీ లోపల డొల్ల. గాలి తీసేసి, కాస్త నీరు పోసి మూసేసిన గొట్టాలవి. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీరు కొద్ది వేడికే ఆవిరై పైకి పోతుంది, రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీరవుతుంది, గొట్టం లోపలి గోడకున్న సన్నటి రంధ్రాల పొర దాన్ని అడుగుకు లాక్కొస్తుంది. మోటారూ లేదు, శబ్దమూ లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అంతరిక్ష అవసరాల కోసం ఇలాంటి గొట్టాన్ని తయారుచేశాడు. అది మన బల్లమీది డబ్బాలో కూర్చోవడం నాకు ఇప్పటికీ సంబరంగానే ఉంటుంది.

కూలర్ కొనకముందే క్యాబినెట్ వెడల్పు చూసుకోవాలి. లోపల 165 మిల్లీమీటర్లు దొరక్కపోతే అద్దం తలుపు మూసుకోదు. ర్యామ్ కూడా ముందే చూసుకోవాలి. ముందు ఫ్యాను ర్యామ్ మీదికి వస్తుంది, దాని కింద మిగిలేది 32 మిల్లీమీటర్లే. మెరిసే లైట్ల పొడుగు స్టిక్కులు పెడితే ఫ్యాన్‌ను పైకి జరపాల్సి వస్తుంది, అప్పుడు మళ్లీ తలుపుతో తంటా. వాడికి లైట్లంటే మోజు. అయినా పొట్టి స్టిక్కులే కొనిపించాను.

అసలు పని బోర్డు బయట ఉండగానే మొదలవుతుంది. ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు ఏఎమ్4. ఆ బోర్డు మీదుండే ప్లాస్టిక్ పట్టీల స్క్రూలు తీయగానే వెనకున్న బ్యాక్‌ప్లేట్ ఊడి పడుతుంది. దాన్ని అరచేత్తో ఆనించి పట్టుకునే, కొత్త పట్టీలు బిగించాలి. తర్వాత చాలామంది కూలర్‌ను కూడా బయటే ఎక్కించేసి, అంత బరువుతో బోర్డును క్యాబినెట్‌లోకి దించుతారు. నాకది నచ్చదు. దించేటప్పుడు బోర్డు వంగుతుంది, పైమూల స్క్రూలకు చెయ్యి పట్టదు. ముందు బోర్డు బిగించి, ప్రాసెసర్‌కు కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల కేబుల్ పెట్టేసి, క్యాబినెట్‌ను పడుకోబెట్టి, అప్పుడు గోపురాలు దించడమే నా పద్ధతి.

ఇక పేస్ట్. కంటికి నున్నగా కనిపించే రెండు లోహాల మధ్య కూడా సన్నటి ఎగుడుదిగుళ్లుంటాయి, వాటిలో గాలి చిక్కుకుంటుంది. వేడిని దాటించడంలో రాగితో పోలిస్తే గాలి వేల రెట్లు బలహీనం. పేస్ట్ కూడా రాగికి సాటిరాదు గానీ ఆ గాలిని తోసేసి సందులు నింపుతుంది. కాబట్టి అది పల్చగా ఉండాలి. నడిమధ్య కందిగింజంత చుక్క చాలు, వేలితో పులమక్కర్లేదు, కూలర్ ఒత్తిడే దాన్ని పరుస్తుంది. కూలర్‌ను నిట్టనిలువుగా దించి, అటూ ఇటూ ఊపకుండా ఉంచాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఆ తర్వాతది. నడిమి ఫ్యాన్ తీసేసి, రెండు గోపురాల మధ్యనుంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ దించి, అడుగునున్న రెండు స్ప్రింగు స్క్రూలను పట్టుకోవాలి. ఒకవైపు పూర్తిగా బిగించాక రెండోవైపు వెళితే అడుగు పళ్లెం ఒక పక్కకు ఒరుగుతుంది, పేస్ట్ ఒకవైపుకు జారుతుంది. కారు చక్రం బోల్టుల్లాగే ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. “ఆగేదాకా తిప్పు, ఆగాక బలం పెట్టకురా” అన్నాను. వాడు నాలుక పంటికింద పెట్టుకుని తిప్పాడు. ఇంత ఖరీదైన సరుకులో చేతిపనంటూ మిగిలింది ఈ కాసేపే, దాన్ని పిల్లల చేతే చేయించాలనేది నా పట్టుదల.

ఫ్యాన్లు రెండూ గాలిని క్యాబినెట్ వెనక్కి తోసేలా కట్టాలి. అప్పటికి వేడి చిప్ నుంచి రాగికి, రాగి నుంచి ఆవిరికి, రేకులకు, గాలికి చేరి డబ్బా దాటుతుంది. కానీ దాటి వచ్చేది మన గదిలోకే. తలుపులు మూసిన చిన్న గదిలో ఆ 142 వాట్లు మళ్లీ ముందు ఫ్యాన్లలోకే దూరతాయి. అందుకే డబ్బాను గోడకు ఆనించకుండా, వెనకవైపు కిటికీ ఉండేలా పెట్టించాను. 5800ఎక్స్‌కు హద్దు 90 డిగ్రీలు. అది తగిలితే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఎంత పెద్ద కూలరైనా మన నడివేసవిని ఒంటరిగా గెలవలేదు. ఉగాది నుంచి తొలకరి దాకా బయోస్‌లో ఎకో మోడ్ పెట్టమన్నాను. దాంతో 142 వాట్లు 88కి దిగుతాయి. వేగం తగ్గినా అంత ఎక్కువగా తగ్గదు. “మరి ఇంత పెద్దది కొనడం ఎందుకు?” అన్నాడు. ఆ 88 వాట్లను ఫ్యాన్ల గోల లేకుండా రాత్రంతా మోయడానికి, కార్తీకం వచ్చాక పూర్తి 142 వాట్లకు వదిలేయడానికి.

వచ్చే నెల వాడు హైదరాబాద్ వెళ్తున్నాడు. బస్సు కుదుపుల్లో అంత బరువు బోర్డుకు వేలాడటం మంచిది కాదు, కూలర్ విప్పే తీసుకెళ్లాలి. విప్పేముందు కాసేపు రెండర్ నడిపితే పేస్ట్ మెత్తబడుతుంది. అప్పుడు కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, స్క్రూలు వదులుచేసి, కూలర్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పి, పట్టు వదిలిందని తెలిశాకే ఎత్తాలి. ఏఎమ్4లో ప్రాసెసర్‌ను పైనుంచి అదిమిపట్టే చట్రం ఉండదు కాబట్టి, నేరుగా లాగితే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడి వచ్చి పిన్నులు వంగే ప్రమాదముంది.