చేతికి రంగు తెలియదు

పదో తరగతి లెక్కల పుస్తకంలో సంభావ్యత చివరి పాఠాల్లో ఒకటి. పబ్లిక్ పరీక్షలు ముంచుకొచ్చే వేళకి హడావిడిగా చెప్పేసేదీ అదే. సంచిలో ఇన్ని ఎర్ర బంతులు, ఇన్ని నల్ల బంతులు. చూడకుండా ఒకటి తీస్తే ఎర్రది వచ్చే సంభావ్యత ఎంత? పైన ఎర్రవెన్నో రాసెయ్, కింద మొత్తం ఎన్నో రాసెయ్, అయిపోయింది. సూత్రం వచ్చేసిందంటే పాఠం వచ్చేసినట్టే అనుకుంటాం. ఆ భిన్నం రాసే ముందు చేయాల్సిన ఆలోచనే అసలు పాఠమని నా నమ్మకం.

కోరుకొండలో మా అరుగు మీద సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెబుతుంటాను. ఈ పాఠానికి మాత్రం ముందు పుస్తకం తెరవనివ్వను. ఒక గుడ్డ సంచి, అందులో ఐదు గోళీలు. మూడు ఎర్రవి, రెండు పచ్చవి, అన్నీ ఒకే సైజువి. చెయ్యి పెడితే ఎర్రది వచ్చే అవకాశం ఎంత అని అడిగితే, ఎవరో ఒకరు వెంటనే అంటారు: "రెండు రంగులే కదండీ మాస్టారూ, సగానికి సగం."

ఆ జవాబును కొట్టిపారేయకూడదు. దాని వెనక ఒక ఆలోచన ఉంది, కాకపోతే లెక్కపెట్టాల్సినదాన్ని కాక వేరేదాన్ని లెక్కపెట్టింది. "చెయ్యి పెట్టి చూడమ్మా. నీ వేళ్ళకి తగిలింది రంగా, గోళీయా?" అంటాను. చెయ్యి లోపల పెట్టి కాసేపు తడుముతారు. చేతికి రంగు తెలియదు, గోళీ తెలుస్తుంది. ఐదింట్లో ఏదైనా తగలొచ్చు, దేనికీ ఎక్కువ తక్కువలు లేవు. అప్పుడు మూడు బై ఐదు అన్నది వాళ్ళ నోటి నుంచే వస్తుంది. సమాన అవకాశం దేనికి ఉందో తేల్చుకోవడమే ఇందులో మొదటి మెట్టు.

తరవాత రెండేసి గోళీలు తీయిస్తాను. రెండూ ఒకే రంగువి వస్తాయా, చెరొక రంగువి వస్తాయా? ఎర్రవి ఎక్కువ కాబట్టి ఒకే రంగే అని చాలామంది పందెం కాస్తారు. అప్పుడు పలక మీద ఎర్రవాటికి 1, 2, 3 అనీ, పచ్చవాటికి 4, 5 అనీ పేర్లు పెట్టి జతలన్నీ రాయిస్తాను. 12, 13, 14, 15, 23, 24, 25, 34, 35, 45. మొత్తం పది. రెండూ ఎర్రవైనవి మూడే: 12, 13, 23. రెండూ పచ్చవైనది 45 ఒక్కటే. మిగిలిన ఆరూ చెరొక రంగువి. పందెం కాసినవాళ్ళు ఆ పదింటినీ మళ్ళీ మళ్ళీ వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు. ఆ వేలు కదలడం చూడటం నాకు ఎంతో ఇష్టం. సూత్రం చెబితే నమ్మి ఊరుకుంటారు. జాబితా రాస్తే తామే చూసుకుంటారు.

ఇక్కడే ఇంకో ప్రశ్న వస్తుంది. తీసిన గోళీని మళ్ళీ సంచిలో వేశామా, లేదా? వేయకపోతే రెండోసారికి నాలుగే మిగులుతాయి. మొదటిది ఎర్రదైతే వాటిలో ఎర్రవి రెండే. కాబట్టి రెండూ ఎర్రవే వచ్చే అవకాశం మూడు బై ఐదు ఇంటూ రెండు బై నాలుగు, అంటే నూటికి ముప్ఫై. వేస్తే సంచి మళ్ళీ మొదటిలాగే ఉంటుంది. అప్పుడు తొమ్మిది బై ఇరవై ఐదు, నూటికి ముప్ఫై ఆరు. గోళీలు అవే, చెయ్యి అదే. తేడా అంతా ఇప్పుడు సంచిలో ఏముందన్నదాంట్లోనే.

ఆ తరవాత చింతపిక్కలు తీస్తాను. అష్టాచెమ్మాకి మన పక్క గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని ఒకవైపు గచ్చు మీద అరగదీసి వాడతారు. అరిగిన వైపు తెలుపు, రెండో వైపు గోధుమ. నాలుగు పిక్కలు వేస్తే పదహారు రకాలుగా పడొచ్చు. నాలుగూ తెల్లగా పడేది ఒకటి, నాలుగూ గోధుమగా పడేది ఒకటి. అంటే చెమ్మాకి పదహారింట ఒకటి, అష్టాకీ పదహారింట ఒకటి. కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది. కానీ పిక్కకి ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. రెండు వైపులా సమానంగా పడుతుందని ఎవరు చెప్పారు? దాన్ని వేసి చూసి, పడినదల్లా రాసుకోవడం తప్ప మార్గం లేదు.

మన భారత కథల్లోనూ ఇలా సరిచూసుకునే విద్య ఉంది. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగంలోనిదే నలోపాఖ్యానం. అందులో ఋతుపర్ణ మహారాజు తాండ్రచెట్టును చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు ఊరికే నమ్మడు, చెట్టును పడగొట్టి లెక్కచూసుకుంటాడు. ఆ తరవాతే అక్షహృదయం నేర్చుకుంటాడు. పాచికల విద్యకి ముందు లెక్క సరిచూసుకునే పట్టుదల కనిపించడం నాకు చాలా సంతోషాన్నిస్తుంది.

చింతపిక్కల దగ్గర వచ్చిన ప్రశ్ననే యూరపులో గణితవేత్త జాకబ్ బెర్నౌలీ కుండలోని రాళ్ళతో అడిగాడు. ఆయన 1705లో పోయాడు, ఆ ప్రశ్న ఉన్న ఆయన పుస్తకం 1713లో వచ్చింది. కుండలో 3000 తెల్ల రాళ్ళు, 2000 నల్ల రాళ్ళు ఉన్నాయి, తీసేవాడికి మాత్రం ఆ సంగతి తెలియదు. ఒక్కొక్కటీ తీసి, రంగు చూసి, మళ్ళీ కుండలో వేస్తూ పోతే అసలు నిష్పత్తి ఎప్పటికి పట్టుబడుతుంది? తెల్లవాటి వాటా యాభైకి 29కీ 31కీ మధ్య దొరుకుతుందని వెయ్యికి ఒకటి చొప్పున పందెం కాయాలంటే 25,550 సార్లు తీయాలని ఆయన లెక్క తేల్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు, చూసిన కొద్ది నుంచి చూడని మొత్తాన్ని ఎంత కచ్చితంగా అంచనా వేయవచ్చో, ఆ కచ్చితత్వానికి హద్దేమిటో 1945లో చూపించారు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో కన్నుమూసేదాకా ప్రపంచం ఆయన్ని గౌరవించింది.

ఇదంతా పెద్దల విద్య అనుకోనక్కరలేదు. నారు పోసే ముందు వరి విత్తనాన్ని పరీక్షించే రైతు కూడా ఇదే చేస్తాడు. బస్తాలోంచి వంద గింజలు తీసి, తడి గుడ్డలో చుట్టి, ఎన్ని మొలకెత్తాయో చూస్తాడు. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలి. ఆ వంద గింజలూ బస్తా మూతి దగ్గరవే అయితే అడుగున ముక్కిపోయిన గింజల సంగతి బయటపడదు. పైనుంచీ, మధ్యనుంచీ, అడుగునుంచీ తీసి కలిపితేనే ప్రతి గింజకీ సమానంగా అవకాశం ఇచ్చినట్టు.

సంభావ్యత చదివిన పిల్లకి మార్కులు రావాలి, కాదనను. దానితోపాటు, వాళ్ళ నాన్న తడి గుడ్డ విప్పుతుంటే పక్కన కూర్చుని, "అడుగు నుంచి కూడా తీశావా నాన్నా?" అని అడగడం రావాలి. ఆ ప్రశ్న అడిగిందంటే పాఠం వచ్చేసినట్టే.