పేరిణికి ముందు ఐదు నిమిషాలు

మన దగ్గర ఏ సభలో పేరిణి నృత్యం ఉన్నా వ్యాఖ్యాత చెప్పే మాట ఒకటే: కాకతీయ సైనికులు యుద్ధానికి పోయే ముందు ఆడిన తాండవమిది. చప్పట్లు మోగుతాయి. ఆ తర్వాత జనం కత్తుల కోసం, శత్రువు కోసం, కథ కోసం వెతుకుతుంటారు. అవేవీ కనిపించవు. పిల్లలు ఫోన్లు తీస్తారు. వాళ్లను తప్పుపట్టలేను. ఏం చూడాలో, ఏం వినాలో వాళ్లకెవరూ చెప్పలేదు.

ముందు గజ్జెల సంగతి చెప్పాలి. 13వ శతాబ్దపు 'సంగీత రత్నాకరం'లో శార్ఙ్గదేవుడు పేరిణికి ఐదు అంగాలు చెప్పాడు. అందులో ఘర్ఘరం అంటే కాలిగజ్జెలను తీరుతీరుగా పలికించే నేర్పు. విషమం కష్టమైన విన్యాసం. భావాశ్రయం నవ్వించే అనుకరణ. కవిచారం, గీతం మిగతావి. ఒక్క యుద్ధావేశమే అయితే ఇందులో నవ్వుకు చోటెక్కడిది?

ఇంకో సంగతీ దాచకూడదు. ఇవాళ మనం చూసే పేరిణి గురువు నుంచి శిష్యుడికి తెగకుండా వచ్చింది కాదు. కాకతీయ రాజు గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయప సేనాని 1253-54లో రాసిన 'నృత్త రత్నావళి'ని, రామప్ప గుడి శిల్పాలను ముందు పెట్టుకుని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ మళ్లీ కూర్చినది. 1985 శివరాత్రికి రామప్పలోనే దాన్ని ఆడించారు. ఈ మాట చెబితే కళ గౌరవం తగ్గదు. రాతిలో ఆగిన భంగిమకు ముందడుగు ఏదై ఉంటుంది, వెనకడుగు ఏదై ఉంటుంది అని ఒక మనిషి ఏళ్లకేళ్లు ఆలోచించాడని తెలిస్తే చూసే కన్నే మారుతుంది.

ఆ రాతి భంగిమలు చూడటానికి రామప్ప దూరమనుకుంటే ఆ గుడి కట్టించిన రేచర్ల వంశం వాళ్ల గుళ్లే సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో ఉన్నాయి. నల్లగొండను ఆనుకుని పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం ఉంది. పాలమూరు దిక్కు వాళ్లకు అలంపురం ఉండనే ఉంది. అక్కడి నటరాజ శిల్పం కాకతీయుల కాలానికి ఎంతో ముందుది. బడి పిల్లలకు పొద్దున ఆ గుళ్లు చూపించి, సాయంత్రం ఆట చూపించాలి.

ఆటకు ముందు మృదంగం మీద ఒక్క జతి (లయ పలుకుల వరుస) వినిపించాలి. తర్వాత అదే జతిని వాద్యం లేకుండా గజ్జెలతో పలికించాలి. ఆపైన రెండూ కలపాలి. ఇందుకు ఐదు నిమిషాలు చాలు. సన్మానాలు కొంచెం తగ్గించి, ఆ సమయం వాద్యకారుడికి ఇవ్వమని నిర్వాహకులను కోరుతున్నాను.